వేడి వాయువుతో తూస్తే ఒక బరువు, లెన్సింగ్‌తో తూస్తే ఇంకో బరువు: నా లెక్కలో తప్పెక్కడ?

తొలిచుక్క
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఒక గెలాక్సీ క్లస్టర్ (గురుత్వాకర్షణ పట్టి ఉంచిన గెలాక్సీల పెద్ద గుంపు) ద్రవ్యరాశి కడుతున్నాను. డేటా చంద్ర ఎక్స్-కిరణ టెలిస్కోపు ఆర్కైవ్‌లోంచి తీసుకున్నది. రెడ్‌షిఫ్ట్ (వెలుగు ఎరుపు వైపు ఎంత జరిగిందన్న కొలత, దూరానికి గుర్తు) 0.3. పని ఇంకా పూర్తికాలేదు కాబట్టి క్లస్టర్ పేరు చెప్పలేకపోతున్నాను.

వాయువు హైడ్రోస్టాటిక్ సమతుల్యతలో ఉందనుకున్నాను. అంటే గురుత్వాకర్షణ లోపలికి ఎంత లాగుతోందో, వాయు పీడనం బయటికి అంతే నెడుతోందని. ప్రకాశానికి బీటా మోడల్ (బయటికి పోయేకొద్దీ వెలుగు ఎలా తగ్గుతుందో చెప్పే సూత్రం) అమర్చితే బీటా 0.67 వచ్చింది. సగటు ఉష్ణోగ్రత 6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే సుమారు 7 కోట్ల కెల్విన్. కేంద్రం నుంచి 1 మెగాపార్సెక్ (సుమారు 33 లక్షల కాంతి సంవత్సరాలు) లోపలి ద్రవ్యరాశి 4.4×10¹⁴ సూర్యుళ్లని తేలింది.

ఇదే క్లస్టర్‌ని, ఇదే వ్యాసార్ధంలో, బలహీన లెన్సింగ్‌తో (వెనకున్న గెలాక్సీల వెలుగు క్లస్టర్ గురుత్వాకర్షణకి ఎంత వంగిందో చూసి) తూచినవాళ్లకి 7.2×10¹⁴ వచ్చింది. నాది దాదాపు 40 శాతం తక్కువ! మూడు వారాలుగా కోడ్ తిరగేస్తూనే ఉన్నాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి. క్లస్టర్ చిత్రాన్ని కేంద్రం చుట్టూ వలయాలుగా విడగొట్టి చూస్తే చివరి వలయంలో ఉష్ణోగ్రత 9 దాకా పోయింది. నమ్మబుద్ధి కాలేదు. అందుకే వలయాలు వదిలేసి ఒకే సగటు వాడాను.

చిన్నమేఘం
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నేను ఫిజిక్స్ చదవలేదు, ఆకాశమంటే ప్రాణం, అంతే. గెలాక్సీల మధ్య ఉన్నది ఖాళీయే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. అక్కడ 7 కోట్ల డిగ్రీల వాయువేంటి? దానికి అంత వేడి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఉందని ఎలా తెలిసింది?

ధ్రువం
చిన్నమేఘం గారూ, మీరు ఖాళీ అనుకోవడంలో పెద్ద పొరపాటేం లేదు. అక్కడ ఒక ఘనమీటరుకి వెయ్యి కణాలుంటాయి, అటూ ఇటుగా. మనం పీల్చే గాలిలో అదే ఘనమీటరుకి 10²⁵ పైన అణువులు. కాకపోతే ఆ పల్చటి వాయువు లక్షల కాంతి సంవత్సరాల మేర పరుచుకుని ఉంది. మొత్తం కూడితే క్లస్టర్‌లోని నక్షత్రాలన్నిటికంటే వాయువే ఎన్నో రెట్లు బరువు తూగుతుంది. పెద్ద క్లస్టర్‌లో నూటికి సుమారు 85 పాళ్లు కృష్ణ పదార్థం (కంటికి కనిపించక, గురుత్వాకర్షణ వల్లే తెలిసే పదార్థం), 12, 13 పాళ్లు వేడి వాయువు. మన కంటికి కనిపించే నక్షత్రాల వాటా మిగిలిన రెండు మూడు పాళ్లే.

వేడి అంటారా, అది పడటం వల్ల వచ్చింది. చుట్టుపక్కల నుంచి వాయువు సెకనుకి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు వేగంతో లోపలికి పడుతుంది. అప్పటికే అక్కడున్న వాయువుని గుద్దుకుని ఆగుతుంది. ఆ వేగమంతా వేడిగా మారుతుంది. కాబట్టి వాయువు ఎంత వేడిగా ఉందో తెలిస్తే, అది పడిన గొయ్యి ఎంత లోతో తెలిసినట్టే. తొలిచుక్క గారు చేస్తున్నది సరిగ్గా ఈ పనే.

ఇక ఎలా తెలిసిందన్నది. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా క్లస్టర్‌లో గెలాక్సీల వేగాలు చూసి ఆశ్చర్యపోయాడు. కనిపించే పదార్థం మాత్రమే ఉంటే అంత వేగానికి ఆ గుంపు ఎప్పుడో చెల్లాచెదురు కావాలి. కనిపించని పదార్థమేదో పట్టి ఉంచుతోందన్నాడు. వాయువు సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. భూవాతావరణం ఎక్స్-కిరణాలని కిందికి రానివ్వదు కదా. 1970 డిసెంబర్‌లో ఉహురు ఉపగ్రహం పైకి వెళ్లాకే క్లస్టర్ల నుంచి ఎక్స్-కిరణాలు ఒక చుక్కలోంచి కాక, మొత్తం ప్రాంతంలోంచి పరుచుకుని వస్తున్నాయని స్పష్టమైంది.

అయినా అది వేడి వాయువేనా, మహావేగంతో తిరిగే ఎలక్ట్రాన్ల పనా అన్న వాదన నడిచింది. 1976లో ఏరియల్ 5 ఉపగ్రహం పెర్సియస్ క్లస్టర్ వర్ణపటంలో 7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఇనుము గీత పట్టుకుంది. 26 ఎలక్ట్రాన్లుండాల్సిన ఇనుముకి ఒకటో రెండో మిగిలితేనే ఆ గీత వస్తుంది. అలా ఊడ్చేయాలంటే కోట్ల డిగ్రీల వేడి ఉండాల్సిందే. వాదన అక్కడితో తేలిపోయింది. నన్ను మరీ కదిలించేది ఇంకొకటుంది. ఇనుము తయారయ్యేది నక్షత్రాల్లో. అంటే గెలాక్సీల మధ్యనున్న ఈ వాయువులో ఎప్పుడో పేలిపోయిన నక్షత్రాల బూడిద కలిసి ఉంది.

లెక్కలమేస్త్రి
తొలిచుక్క గారూ, టెన్షన్ పడకండి. కోడ్‌లో తప్పు లేదనే నా నమ్మకం. మీ లెక్క చేత్తో వేసి చూశాను:

3.7×10¹³ × ఉష్ణోగ్రత (6) × దూరం (1 మెగాపార్సెక్) × వాలు (2) = 4.4×10¹⁴

సరిపోయింది. ఇప్పుడు ఆ చివరి అంకె చూడండి. వాలు అంటే నిజానికి రెండు వాలుల మొత్తం: బయటికి పోయేకొద్దీ సాంద్రత ఎంత చప్పున పడిపోతోంది, ఉష్ణోగ్రత ఎంత చప్పున పడిపోతోంది. రెండూ లాగరిథమ్ స్కేలు మీద. వాయువు మొత్తం ఎంతుందన్నది ఈ లెక్కలోకి అసలు రాదు, పైన కింద కొట్టేసుకుపోతుంది. ఎంత వేగంగా తగ్గుతోందన్నదే ముఖ్యం. చాలామంది ఇక్కడే తడబడతారు.

మీరు రెండు చోట్ల వాలుని చేజేతులా తగ్గించారు. ఒకటి, బీటా మోడల్. బీటా 0.67 అంటే బయట సాంద్రత వాలు 2 దగ్గర ఆగిపోతుంది, ఇంక పెరగదు. మోడల్ ఆకారమే అంత. నిజం క్లస్టర్లలో బయటికి పోయేకొద్దీ వాలు ఇంకా నిటారు అవుతుంది. మీరున్న దూరంలో 2.3, 2.5 మధ్య ఉంటుంది మామూలుగా. రెండు, ఉష్ణోగ్రత అంతటా ఒకటేనన్నారు, అంటే రెండో వాలుని సున్నా చేశారు. ఇప్పటిదాకా బాగా కొలిచిన క్లస్టర్లలో బయట ఉష్ణోగ్రత తగ్గుతుంది. మీకు చివర్లో 9కి పెరిగిందంటే అక్కడేదో తేడా ఉంది. ముందు అది తేల్చండి.

తొలిచుక్క
చాలా థ్యాంక్స్ సార్. వాలు సంగతి ఇప్పుడు అర్థమైంది. సాంద్రతకి బయట వంగే వీలున్న మోడల్ పెట్టి మళ్లీ అమర్చాను, 1 మెగాపార్సెక్ దగ్గర వాలు 2.4 వచ్చింది. కానీ ఆ 9 మాత్రం ఏం చేసినా దిగడం లేదు.

నిశిరాత్రి
బ్యాక్‌గ్రౌండ్. కళ్లు మూసుకుని చెప్పగలను.

మీ చివరి వలయంలో పడిన ఫోటాన్లు వంద అనుకుంటే, అందులో క్లస్టర్‌వి ఇరవై కూడా ఉండవు. మిగతావి డిటెక్టర్‌ని తగిలే ఆవేశిత కణాలు, ఆకాశపు ఎక్స్-కిరణ నేపథ్యం. ఆ కణాల వర్ణపటం ఎక్కువ శక్తుల వైపు బల్లపరుపుగా సాగుతుంది. దాన్ని మీరు కొంచెం తక్కువగా తీసేశారనుకోండి, మిగిలినది క్లస్టర్ ఖాతాలో పడుతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని "అబ్బో, ఇది చాలా వేడి వాయువు" అని చదువుతుంది. 5 ఉన్నది 9 అవుతుంది.

మూడు ప్రశ్నలు:
మీరు వాడింది చంద్ర కెమెరాలోని ఎస్3 చిప్పా? అయితే అది వెనకవైపు నుంచి వెలుగు తీసుకునే రకం, ప్రోటాన్ల ఉప్పెనలకి తొందరగా లొంగుతుంది. లైట్ కర్వ్ (సమయంతో పాటు వెలుగు ఎలా మారిందో చూపే గీత) గీసి ఎత్తుగా లేచిన భాగాలు కోసేశారా? ఖాళీ ఆకాశం ఫైలుని (క్లస్టర్లు లేని చోట తీసిన నేపథ్య డేటాని) 9.5 నుంచి 12 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య లెక్కతో సరిపోల్చి స్కేల్ చేశారా? ఆ శక్తుల్లో చంద్ర అద్దాలు దాదాపు ఏమీ పోగుచేయవు, అక్కడ కనిపించేదంతా కణాలే, అందుకే అది మంచి కొలబద్ద. మూడోది, వెనకాల ఉన్న క్వాసార్లని (దూరపు గెలాక్సీల మధ్య బ్లాక్ హోళ్ల వల్ల వెలిగే కేంద్రాలని) చుక్కలుగా గుర్తించి తీసేశారా? వాటి వర్ణపటమూ ఎక్కువ శక్తుల వైపు సాగేదే, ఒక్కటి మిగిలినా వలయం వేడెక్కినట్టు కనిపిస్తుంది.

చిన్నమేఘం
ధ్రువం గారూ, ఆ బూడిద మాట చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. ఇంకో సందేహం. క్లస్టర్ నడిమధ్యలో వేడి ఎక్కువుండాలి కదా, గొయ్యి లోతు అక్కడే కాబట్టి?

ధ్రువం
అలాగే అనిపిస్తుంది, కానీ చాలా క్లస్టర్లలో నడిమధ్యే చల్లగా ఉంటుంది. వాయువు వెలుగు సాంద్రత వర్గంతో పెరుగుతుంది. మధ్యలో దట్టంగా ఉంటుంది కాబట్టి ఎక్కువ వెలిగి, వేడి పోగొట్టుకుంటుంది. బయటి పల్చటి వాయువు చల్లారాలంటే విశ్వం వయసు చాలదు. పెర్సియస్ లాంటి వాటి గర్భంలో మాత్రం వంద కోట్ల సంవత్సరాలలోపే చల్లారిపోవాలి.

చిక్కు ఏమిటంటే, అలా చల్లారిన వాయువు కుప్పలుగా కనిపించాలి, కానీ కనిపించదు. 2001 ప్రాంతంలో ఎక్స్‌ఎంఎం-న్యూటన్ ఎక్స్-కిరణ టెలిస్కోపు వర్ణపటాలు చూస్తే ఉష్ణోగ్రత బయటిదాంట్లో మూడో వంతుకి దిగి, అక్కడ ఆగిపోతోంది. ఎవరో మళ్లీ మంట పెడుతున్నట్టు. ఆ పని కేంద్ర గెలాక్సీలోని బ్లాక్ హోల్‌దే అన్నది ఇప్పుడు ఎక్కువమంది మాట. దాని జెట్లు వాయువులో పెద్ద పెద్ద బుడగలు ఊదుతాయి. పెర్సియస్ చిత్రంలో ఆ బుడగల గుంతలు, చుట్టూ అలలు కళ్లకి కట్టినట్టుంటాయి. 2003లో వాటిని ధ్వని తరంగాలుగా గుర్తించారు. ఒక అల దాటి ఇంకో అల రావడానికి సుమారు కోటి సంవత్సరాలు.

తొలిచుక్క
ఐదు రోజులు పట్టింది. నిశిరాత్రి గారూ, మీరు చెప్పినవి మూడూ నిజమే!

ఎస్3 చిప్పే. మొత్తం 42 వేల సెకన్ల పరిశీలనలో 9 వేల సెకన్లు ఉప్పెనే. లైట్ కర్వ్‌లో నిటారుగా గోడలా లేచి ఉంది, ఇంతకాలం గీసి చూడనే లేదు. అది కోసేశాను. స్కేలింగ్ చేయలేదు, ఇప్పుడు చేస్తే బ్యాక్‌గ్రౌండ్ 8 శాతం పెరిగింది. చివరి వలయం అంచున ఒక మసక చుక్క కూడా దొరికింది, తీసేశాను.

కొత్త ఉష్ణోగ్రతలు: గర్భంలో 4.5, మధ్యలో 6.8, 1 మెగాపార్సెక్ దగ్గర 5.2. అక్కడ ఉష్ణోగ్రత వాలు 0.5.

3.7×10¹³ × 5.2 × 1 × (2.4 + 0.5) = 5.6×10¹⁴

ఉష్ణోగ్రత 6 నుంచి 5.2కి దిగినా బరువు పెరిగింది! ముందు నమ్మలేదు, మేస్త్రి గారు చెప్పిన వాలు గుర్తొచ్చాక అర్థమైంది. తేడా 40 శాతం నుంచి 22కి వచ్చింది. మిగతా 22 ఎక్కడుంది?

లెక్కలమేస్త్రి
భేష్. ఆ మిగతాదే అసలైన కథ. సమతుల్యత అన్నారు కదా, అందులో మీరు లెక్కేసింది వేడి వల్ల వచ్చే పీడనం ఒక్కటే. వాయువు సుడులు తిరుగుతుంటే ఆ కదలిక కూడా బరువు మోస్తుంది. మోసేవాళ్లలో ఒకణ్ణి లెక్కలోంచి వదిలేస్తే మోతబరువు తక్కువగా తేలుతుంది. సిమ్యులేషన్లలో ఈ కొరత మామూలుగా 10 నుంచి 20 శాతం.

చిన్న విషయం అనుకోకండి. 2013లో ప్లాంక్ ఉపగ్రహ బృందం క్లస్టర్లని లెక్కపెట్టి విశ్వం కొలతలు తీసినప్పుడు ఈ కొరత 20 శాతమని పెట్టుకున్నారు. కాస్మిక్ మైక్రోవేవ్ నేపథ్యం (తొలి విశ్వం నుంచి మిగిలిన మసక వెలుగు) చెప్పే విశ్వంతో కలవాలంటే అది 40 దాకా ఉండాల్సి వచ్చింది. క్లస్టర్ బరువు తప్పితే విశ్వంలో పదార్థం ఎంత ముద్దగట్టిందన్న లెక్కే తప్పుతుంది.

నిశిరాత్రి
మేస్త్రి గారూ, 20 శాతం మొత్తం సుడుల మీద వేయడం నాకు మింగుడు పడదు. సుడుల్ని నేరుగా కొలిచినవాళ్లున్నారు.

హిటోమి ఉపగ్రహం 2016 ఫిబ్రవరిలో పైకి వెళ్లి, మొదట్లోనే పెర్సియస్ వైపు చూసింది. మామూలు సీసీడీ (కెమెరా చిప్పు) ఇనుము గీత దగ్గర 130 ఎలక్ట్రాన్ వోల్టుల కంటే సన్నగా చూడలేదు. హిటోమి 5 దాకా చూసింది. సెకనుకి 164 కిలోమీటర్ల కదలిక ఉంటే ఆ గీత 4 ఎలక్ట్రాన్ వోల్టుల లోపే వెడల్పవుతుంది. దాన్ని పట్టింది! 164 కిలోమీటర్లంటే అక్కడి ధ్వని వేగం ముందు చాలా తక్కువ, పీడనంలో 4 శాతమే. మార్చి 26న ఉపగ్రహం అదుపుతప్పి గిర్రున తిరిగి ముక్కలైంది. ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సయించలేదు. ఇంకో పదేళ్లు ఇలాంటి కొలత రాదనుకున్నాను. 2023 సెప్టెంబర్‌లో ఎక్స్‌రిజం ఉపగ్రహం వెళ్లాక ప్రాణం లేచొచ్చింది. దాని పరికరం ముందున్న మూత తెరుచుకోక తక్కువ శక్తి ఎక్స్-కిరణాలు అందడం లేదు గానీ, ఇనుము గీతకి ఆ అడ్డు లేదు. ఏబెల్ 2029 క్లస్టర్‌లో కూడా అది చూసింది ప్రశాంతమైన గర్భాన్నే.

లెక్కలమేస్త్రి
అవన్నీ గర్భాలు, నిశిరాత్రి గారూ. తొలిచుక్క గారి కొలత 1 మెగాపార్సెక్ దగ్గర. కొత్త వాయువు పడుతూ ఉండేది బయటే, అక్కడ కదలిక ఎక్కువుంటుందని సిమ్యులేషన్లన్నీ చెబుతున్నాయి. గర్భం నిశ్చలంగా ఉంటే అంచులూ అంతేనని చెప్పలేం.

నిశిరాత్రి
ఒప్పుకుంటాను. కానీ చంద్ర, ఎక్స్‌ఎంఎం రెండూ ఒకే వేడి క్లస్టర్‌ని చూసి వేర్వేరు ఉష్ణోగ్రతలు చెబుతాయి, చంద్రది ఎక్కువ. ఆ కాలిబ్రేషన్ (పరికరం కొలతని సరిచూడటం) తేడాని కూడా సుడుల ఖాతాలో వేయకూడదు.

పాలవెల్లి
సున్యాయెవ్-జెల్డోవిచ్ మ్యాపు ఉందేమో చూశారా? వేడి ఎలక్ట్రాన్లు మైక్రోవేవ్ నేపథ్యాన్ని కొంచెం పైకి తోస్తాయి కాబట్టి 217 గిగాహెర్ట్జ్ కింద క్లస్టర్ నీడలా, పైన వెలుగులా కనిపిస్తుంది. దానికి సాంద్రత వర్గం కాకుండా సాంద్రతే లెక్క, కాబట్టి పల్చటి అంచుల్లో బాగా పనికొస్తుంది. పైగా దూరం పెరిగినా మసకబారదు.

తొలిచుక్క
ప్లాంక్‌లో ఉంది గానీ దాని చూపు 5 ఆర్క్‌మినిట్ల (ఒక్కోటి డిగ్రీలో అరవయ్యో వంతు) కంటే సన్నగా లేదు. నా 1 మెగాపార్సెక్ 3.7 ఆర్క్‌మినిట్లే. క్లస్టర్ మొత్తం ఒక మచ్చలా ఉంది.

అరుంధతి
ఆలస్యంగా చూశాను. నా పని లెన్సింగ్. ఇందాకటి నుంచి అందరూ లెన్సింగ్ విలువే సరైనదని, వాయువే అబద్ధమాడుతోందని అనుకుంటున్నారు. ఆ మాట లెన్సింగ్ చేసే నేనే ఒప్పుకోను.

మేం చేసేదేమిటంటే, క్లస్టర్ వెనకున్న వేల గెలాక్సీల ఆకారాలు చూస్తాం. వాటి వెలుగు వంగి ఆకారాలు కొన్ని శాతం సాగుతాయి. కానీ ఏ గెలాక్సీ అయినా సహజంగానే అంతకు ఎన్నో రెట్లు సాగి ఉంటుంది. వేలమందిని సగటు వేస్తేనే సంకేతం తేలుతుంది. లెన్సింగ్‌కి వాయువు కదులుతోందా, నిలిచి ఉందా అన్నదానితో పని లేదు, అది దాని గొప్పతనం. కానీ అది మన చూపు వరసలో ఉన్న పదార్థమంతా కలిపి చూస్తుంది. క్లస్టర్ గుండ్రంగా కాక కోడిగుడ్డులా ఉండి, దాని పొడవు మనవైపు తిరిగి ఉంటే బరువు ఎక్కువ తేలుతుంది. అడ్డంగా ఉంటే తక్కువ. ఒక్క క్లస్టర్‌కి ఈ కారణం వల్లే 20 శాతం అటూ ఇటూ అవుతుంది. యాభై క్లస్టర్ల మీద సగటు వేస్తే అది చెరిగిపోతుంది, ఒక్కదాని మీద చెరగదు.

తొలిచుక్క గారూ, ఆ 7.2 పక్కన పొరపాటు అంచనా ఎంత రాశారు వాళ్లు?

ఇంకోటి, ఎక్స్-కిరణ చిత్రాన్ని ఊరికే కళ్లతో చూశారా? వెలుగు శిఖరం, అన్నిటికంటే పెద్ద గెలాక్సీ ఒకే చోట ఉన్నాయా?

తొలిచుక్క
అరుంధతి గారూ, 7.2 ± 1.5 అని ఉంది. నేను 7.2 మాత్రమే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇన్నాళ్లూ ఆ 1.5 వైపు చూడనే లేదు.

చిత్రం మళ్లీ తెరిచాను. శిఖరం, పెద్ద గెలాక్సీ మధ్య దూరం 20 కిలోపార్సెక్‌ల లోపే. కానీ పడమటి వైపు 150 కిలోపార్సెక్‌ల దగ్గర వెలుగు ఒక్కసారిగా తెగిపోతోంది, కత్తితో కోసినట్టు వంపు అంచు. షాక్ (ధ్వని కంటే వేగంగా గుద్దుకుంటే పుట్టే అల) అనుకుని గుండె ఝల్లుమంది. రెండు వైపులా వర్ణపటం తీశాను. లోపలి దట్టమైన వైపు 4.8, బయట 6.9. సాంద్రత లోపల 1.45 రెట్లు ఎక్కువ.

నిశిరాత్రి
షాక్ కాదు. షాక్ అయితే దట్టమైన వైపే వేడిగా ఉండాలి. మీకు దట్టమైన వైపు చల్లగా ఉంది. 4.8ని 1.45తో గుణించండి, 6.96. రెండు వైపులా పీడనం సమానం. ఇది కోల్డ్ ఫ్రంట్. ఏదో చిన్న గుంపు ఎప్పుడో పక్కగా దూసుకెళ్లి ఉంటుంది, గర్భంలోని చల్లటి వాయువు గిన్నెలో నీళ్లలా ఇంకా ఊగుతోంది. ఏబెల్ 2142లో చంద్ర 2000లో చూపించినవి ఇలాంటివే. చాలా మంచి ఫలితం ఇది, ప్రాజెక్టులో దీనికి విడిగా ఒక విభాగం రాయండి.

చిన్నమేఘం
బుల్లెట్ క్లస్టర్ అంటారే, అదీ ఇలాంటిదేనా?

అరుంధతి
అది ఇంతకంటే ఎంతో భీకరమైన ఢీ. రెండు క్లస్టర్లు ఒకదాంట్లోంచి ఒకటి దూసుకుపోయాయి. వాయువులు గుద్దుకుని మధ్యలో చిక్కుబడ్డాయి, ముందు నిజంగానే షాక్ ఉంది. గెలాక్సీలు మాత్రం ఆగకుండా ముందుకెళ్లాయి. 2006లో లెన్సింగ్‌తో చూస్తే బరువు వాయువు దగ్గర కాక గెలాక్సీల దగ్గరుంది. సాధారణ పదార్థంలో ఎక్కువ భాగం వాయువే కదా, అయినా బరువు అక్కడ లేదు. కృష్ణ పదార్థం ఉందనడానికి నేను మొదట చూపించేది ఆ చిత్రమే.

తొలిచుక్క
పడమటి సెక్టారు తీసేసి మళ్లీ చేశాను. అన్ని పొరపాట్లూ కలుపుకుని 5.7 ± 0.7 వచ్చింది. లెన్సింగ్ 7.2 ± 1.5. తేడా 1.5, రెండు పొరపాట్లూ (వర్గాలు కూడి, వర్గమూలం తీసి) కలిపితే 1.7. అంటే తేడా పొరపాటు అంచనా లోపలే ఉంది, ఒక సిగ్మా కూడా లేదు.

సుడుల పేరుతో 20 శాతం కలిపి 6.8 అని రాయమంటారా, 5.7 అనే ఉంచమంటారా?

లెక్కలమేస్త్రి
కలపొద్దు. ఒక్క క్లస్టర్‌తో ఆ కొరత ఎంతో చెప్పలేరు, నేను చెప్పిన 20 శాతం సిమ్యులేషన్ల మాట. కొలిచింది కొలిచినట్టు రాయండి.

అరుంధతి
రెండు విలువలూ ఒకే పటంలో, పొరపాటు గీతలతో సహా పెట్టండి. వ్యాసార్ధంతో పాటు రెండూ ఎలా మారుతున్నాయో కనిపించేలా.

నిశిరాత్రి
కోసేసిన ఆ 9 వేల సెకన్ల లైట్ కర్వ్ అనుబంధంలో పెట్టండి, కాలిబ్రేషన్ ఫైళ్ల వెర్షన్ నంబరు కూడా పక్కనే రాయండి. వచ్చే ఏడాది ఎవరైనా ఇదే డేటా తెరిస్తే 5.2 ఎలా వచ్చిందో వాళ్లకి తెలియాలి.